కుక్కపిల్లకు మర్యాద నేర్పుట

సాయంకాలము ఇల్లు చేరి వాకిలి తీయగానే లోపలినుండి బాణమువలె దూసికొని వచ్చి, ముందరికాళ్లు రెండును మన రొమ్మున మోపి, పంచె కొంగో చేతి వ్రేలో, ఏది దొరకిన దానిని నోట కరచి పట్టుకొను కుక్కపిల్లను మీలో చాలమంది యెరుగుదురు. మొదటి వారము అది ముద్దు. రెండవ నెలలో విసుగు. ఆరవ నెలలో భయము. పిల్ల అదియే, అది చేయు పనియు అదియే. మారినవి దాని పండ్లును బరువును మాత్రమే.

ఇది రేడియోలో ప్రసంగింపదగిన విషయమా యని కొందరు శ్రోతలకు తోపవచ్చును. రెండేండ్ల క్రిందట అడిగినచో నేనును అట్లే యనియుందును. పంటలు, పశువులు, పిల్లల చదువులు ఇన్ని యుండగా కుక్కపిల్ల యెగురుట గురించి మాటలా? కాని మా యింట జరిగిన యొక సంగతి నా యభిప్రాయమును మార్చినది. దానిని దాచక చెప్పుటయే మేలని తోచుచున్నది. ఏలననగా అందులో తప్పు చాలవరకు నాది.

మా స్వగ్రామము కోవెలకుంట్ల ప్రాంతమున నల్లరేగడి పొలముల నడుమ నున్నది. ఒక దీపావళికి అక్కడికి వెళ్లినప్పుడు మా పొలమున ఎరువుకై గొర్రెల మందను కట్టించియుండిరి. ఆ మందను కాయు కుక్క యీనినది. నలువది దినములైనను నిండని యొక నల్లని పిల్లను మా అమ్మాయి యెత్తుకొని దింపనన్నది. మంద యజమానియైన ముసలి కురుబ కొంత సంశయించి, పిల్ల మొగము చూచి, సరేయని యిచ్చినాడు. కడపకు తెచ్చుకొని కర్రిగాడని పేరు పెట్టితిమి.

నేను ఇంటికి రాగానే రొమ్ము తట్టుకొని "రారా" యందును. వాడు ఎగిరి వచ్చును. జేబులోని బిస్కత్తు నోటికందింతును. ఇది మా యిద్దరి నిత్యవినోదము. వ్రేళ్లు కొరికించుకొనుటయు నంతే. చేయి యాడింతును, వాడు పట్టుకొనును, ఇంటిల్లిపాదియు నవ్వుదుము. శివరాత్రి నాటికి వాడు మోకాటి యెత్తు పెరిగెను. ఒకనాటి ప్రొద్దున మా యమ్మ పూజకు పూలు కోసికొని లోనికి వచ్చుచుండగా, ఆమె చేతిలోని సజ్జను జూచి వాడు ఎప్పటివలె ఎగిరెను. మా యిండ్లలో పరచుకొను నాపబండలు ఎంత నున్నగా నుండునో మీకు తెలియును. డెబ్బదియారేండ్ల మనిషి, వెల్లకిల పడి చేయి ఆనించినది. మణికట్టు విరిగినది.

ఆస్పత్రినుండి వచ్చిన సాయంకాలము ఇంట సభ జరిగెను. మా యమ్మ కట్టు కట్టిన చేతిని ఒడిలో పెట్టుకొని, "అది కుక్క గాదు, దయ్యం. దాన్ని యాడన్నా ఇడ్సిపెట్టి రారా నాయనా" అన్నది. ఆమె కంటె నా భార్య మాట గట్టిది: "ఇయ్యాల అత్తమ్మ. రేపు పాలు పోసే పిల్లోని మీద పడితే వాళ్లకేం జెప్తాం?" నేనును లోలోపల నిశ్చయించుకొంటిని. ఊరి వెలుపల రహదారి ప్రక్కన ధాబా హోటళ్లు కలవు. అక్కడ వదలినచో ఎట్లో బ్రతుకును. అప్పుడు మా అమ్మాయి, "నాయనా, ఎగరమని దానికి నేర్పింది నువ్వే గదా?" అన్నది. ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయెను.

మహాభారతము ఒక కుక్కపిల్ల కథతో మొదలగునని చాలమందికి జ్ఞాపకముండదు. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా దేవశునియైన సరమ కొడుకు ఆడుకొనుచు అచ్చటికి పోయినది. జనమేజయుని తమ్ములు దానిని కొట్టిరి. ఏడ్చుచు వచ్చిన బిడ్డను వెంటబెట్టుకొని సరమ రాజును నిలదీసినది. హవిస్సును ముట్టలేదు, చూడనైనను లేదు, ఏ తప్పునకు కొట్టితిరని యడిగినది. వారు బదులు చెప్పలేకపోయిరి. అనుకొనని భయము మీకు కలుగునని ఆమె శపించినది. నన్నయభట్టు ఈ కథను తెలుగు ఆదిపర్వమున ప్రథమాశ్వాసముననే చెప్పినాడు. చదువుకొన్న నాడు ఇది కథ మొదలుపెట్టుట కొక నెపమని అనుకొంటిని. ఆ రాత్రి వేరుగా తోచినది. సరమ కొడుకు కనీసము పిలువని చోటికి పోయినది. మావాడు పిలిచిన చోటికే వచ్చుచుండెను.

వదలివేసిన కుక్క ఎట్లో బ్రతుకును. ఎట్లు బ్రతుకుననునదే చిక్కు. ఊరి చివర కసవు దిబ్బలపై గుంపులో చేరును. కరచుట నేర్చినది గనుక అక్కడను కరచును. అచ్చట కరువబడువాడు ఏ బడికి పోవు పిల్లవాడో అగును. నంద్యాల జిల్లా మిడుతూరు సమీపమున బట్టమేక పిట్ట కొరకు 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యమును మీలో కొందరు చూచియుందురు. ఆ పక్షి గడ్డిభూమిలో నేలమీదనే సాధారణముగా ఒకే యొక గ్రుడ్డు పెట్టును. ఇటువంటి పక్షులకు బీళ్లు సాగుభూములగుట, విద్యుత్తు తీగలు పెద్ద యాపదలు కాగా, యజమాని లేక తిరుగు కుక్కలును ఒక యాపద. అన్ని కుక్కలును ఇండ్లలోనుండి గెంటబడినవి కావు గాని, గెంటినవారిలో నేనొకడను కాకపోవుటకు కావలసినంత కారణము కలదని తోచినది.

ఒక ఆదివారము వానిని కారులో నెక్కించుకొని మంద యున్న చోటు విచారించి వెళ్లితిని. వాపసు ఇచ్చివేయవలెనను తలంపు ఇంకను నాలో నుండెనని ఒప్పుకొనవలెను. ముసలాయన తుమ్మచెట్టు నీడన కంబళి పరచుకొని కూర్చుండియుండెను.

"ఏం సార్, పిల్లను వాపసు తెచ్చినారా?"

సంగతి చెప్పితిని. ఆయన కర్రిగాని దవడ నొక్కి పండ్లు చూచి, "తప్పు నాది గూడా ఉంది సార్. ఇంగ పదైదు దినాలు తల్లి కాడ ఉండాల్సింది. పాప అడిగెనని ఇస్తి" అన్నాడు. పిమ్మట, "అట్ల కూచోండి, చూడండి" అని మందవైపు చేయి చూపినాడు.

కర్రిగాని తోబుట్టువు ఒకటి అక్కడనే పెరుగుచున్నది. దాని తరువాతి యీతకు పుట్టినవి కావు గాని, మరియొక కుక్క పిల్లలు చిన్నవి నాలుగు తిరుగుచుండెను. అందొకటి ఈ పెద్దదాని చెవి పట్టి లాగుచుండెను. కొంతసేపు ఓర్చుకొన్నది. పిల్ల గట్టిగా కొరికినంతనే కుయ్యిమని లేచి, నాలుగడుగులు దూరముగా పోయి, వీపు త్రిప్పి పడుకొన్నది. పిల్ల ఒంటరిగా నిలిచి తెల్లబోయి చూచినది. కొంతసేపటికి మెల్లగా పోయి మరల చెవి పట్టినది; ఈ మారు మెత్తగా.

"చూసినారా సార్? గట్టిగా కొరికె, ఆట నిల్చిపాయ. ఇంతే."

ఎగురుట సంగతి యడిగితిని. "మావి మనిషి మీద ఎగరవు. ఎగిరితే మేం చూడం. సంగటి చేతిలో ఉంటే అసలే చూడం. కూచుంటేనే ముద్ద" అన్నాడు. నేను కర్రిగానిని కారెక్కించుకొని తిరిగి వచ్చితిని.

ఆయన అరగంటలో చూపిన దానిని శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పరిశీలించిరి. అమెరికాలో మెయిన్ రాష్ట్రమందలి బార్ హార్బరులో స్కాట్, ఫుల్లర్ అను ఇరువురు పెక్కు జాతుల కుక్కపిల్లలను పుట్టుకనుండి పెంచి చూచి 1965లో ఒక గ్రంథము ప్రకటించిరి. పిల్లకు మూడవ వారమునుండి పండ్రెండవ వారము వరకు గల కాలము తోడివారితో మెలగుట నేర్చుకొనుటకు మిక్కిలి ముఖ్యమైనదని అందు తేలినది. తన పంటికి ఎంత బలమున్నదో పిల్ల తోబుట్టువులతో పెనగులాడియే నేర్చుకొనును. అందుచేతనే ఎనిమిది వారములు నిండక తల్లినుండి వేరు చేయరాదందురు. ముద్దుగా నున్నదని నెల పిల్లను ఎత్తుకొని వచ్చు మనవంటివారు ఆ బడిని మధ్యలో మాన్పించుచున్నారు. అప్పుడు ఆ పాఠము మనమే చెప్పవలెను.

పిల్ల కరచుట కోపముచేత కాదు. దానికి పాలపండ్లు ఇరువదియెనిమిది, సూదులవలె నుండును. నాలుగవ నెల మొదలుకొని అవి రాలుచు, ఆరు ఏడు నెలలకు నలువదిరెండు గట్టిపండ్లు వచ్చును. ఆ నడుమ చిగుళ్లు దురదపెట్టును. చేతులు లేని జీవి. దేనినైనను నోటితోనే తడవి చూడవలెను. నోరు మూయించుట మన పని కాదు. మనుష్యుని చర్మము ఆటవస్తువు కాదని తెలుపుటయే మన పని.

మేము చేసిన దిది. పంటికింద చేయి పడగానే లాగుకొనరాదు. లాగిన చేయి పారిపోవు ఉడుతవంటిది. ఇంకను గట్టిగా పట్టును. చేతిని చచ్చినదానివలె వదలివేయవలెను. మాటలాడక లేచి, తలుపు అవతలికి పోయి అరనిమిషము నిలిచి, తిరిగి వచ్చి ఏమియు జరుగనట్లు ఆట సాగింపవలెను. మరల కరచిన మరల లేవవలెను. కొందరు పిల్లవలె కుయ్యిమని అరువుమందురు. మా వానికి అది మరింత హుషారు కలిగించెను గనుక మౌనమే మేలనిపించినది. మొదటినాడు నేను గంటలో పదునేడు మారులు లేచితిని. కుక్కకు బుద్ధి వచ్చునో రాదో గాని నాకు వ్యాయామమైనదని మా యమ్మ యన్నది. మూడవ వారమునకు పంటి గురుతు పడుట మానినది.

నోటికి వేరొక పని చూపక "వద్దు" అనిన ప్రయోజనము లేదు. పాత పంచెను చింపి జడవలె అల్లి, తడిపి, ఫ్రిజ్జిలో చల్లార్చి యిచ్చితిమి, చిగుళ్లకు హాయి. పాత చెప్పులు మాత్రము ఇయ్యకుడు. పాతదేదో క్రొత్తదేదో దానికి తెలియదు. ఉడికించిన కోడి యెముకలు చీలి గొంతులోను ప్రేగులలోను గ్రుచ్చుకొనును గనుక అవియు వద్దు.

ఇంకొక సంగతి చాలమంది గమనింపరు. చిన్న పిల్ల దినమునకు పదునెనిమిది గంటల వరకు నిద్రించును. మా యింట సాయంకాలము ఆరు మొదలు ఎనిమిది వరకు కర్రిగాడు పిచ్చిపట్టినట్లు కొరుకుచుండెను. కారణము వెదుకగా, మధ్యాహ్నము బడినుండి వచ్చిన పిల్లలు వానిని నిద్రపోనిచ్చుట లేదు. పైగా మన వేసవి! నలువది డిగ్రీలు దాటిన యెండలో, కుక్కకు చెమట పట్టునది పాదములకు మాత్రమే. తక్కిన వేడి యంతయు నాలుక చాచి రొప్పుటచేతనే పోవలెను. కాలిన బండమీద కట్టివేసిన కుక్కకు శాంతము నేర్పవలెననుట అన్యాయము. గదిమూల చల్లని నాపబండ మీద, నీళ్ల గిన్నె ప్రక్కన నిద్రపుచ్చినంతనే సగము కాట్లు తగ్గినవి.

ఇక ఎగురుట. పిల్లలు మేత తెచ్చిన తల్లి మూతిని నాకి తిండి యడుగుట కుక్కజాతికి తోడేళ్లనాటి యలవాటు. మన మూతి అయిదడుగుల పైన నున్నది. అందుకొనవలెనన్న ఎగురక తప్పదు. కావున అది దానికి నమస్కారమును, యాచనయు. మనము చేతులతో త్రోసిన స్పర్శ లభించును. కేకవేసిన బదులు లభించును. రెండును దానికి బహుమానములే. ఎగిరినంతనే ప్రక్కకు తిరిగి, చేతులు కట్టుకొని, పందిరివైపో గోడవైపో చూచుచు నిలువవలెను. నాలుగు కాళ్లును నేల నానిన క్షణమున వంగి, మెల్లగా పలుకరించి, నిమిరి, చేతిలోనిది ఇయ్యవలెను. ఆ క్షణము జారనీయరాదు. కొన్ని దినములకు కూర్చుండుట నేర్పి, కూర్చున్నప్పుడే పలుకరింపవలెను. కూర్చున్న కుక్క ఎగురలేదు గదా.

ఇచ్చట ఒక హెచ్చరిక. రెండవ వారమున వాడు తగ్గుటకు మారుగా ఇంకను పైకెగిరెను, మొరిగెను, చొక్కా పట్టి లాగెను. మా పద్ధతి పనికిరాదనుకొంటిమి. కాని ఆలోచింపుడు: నిత్యము తెరచుకొను తలుపు ఒకనాడు తెరచుకొననిచో మనమేమి చేయుదుము? ఇంకను గట్టిగా తట్టుదుము. ఆ గట్టి తట్టుడుకు లోబడి తలుపు తీసితిమా, రేపటినుండి అంత గట్టిగా తట్టవలెనని నేర్పినవారమగుదుము. ఓర్చుకొంటిమి. నాలుగైదు దినములకు ఆ యుద్ధృతి తనంతట తగ్గినది.

అన్నిటికంటె కష్టమైనది కుక్కకు నేర్పుట కాదు, మనుష్యులకు నేర్పుట. ఇంటిలో నలుగురు వీపు త్రిప్పి, ఐదవవాడు "పర్వాలేదులే, నాకు కుక్కలంటే యిష్టము" అని రొమ్ము చాపినచో నలుగురి శ్రమయు బూడిదలో పోసిన పన్నీరగును. ఇట్టి ప్రేమమూర్తులు మా వీధిలో ముగ్గురున్నారు. వారు వచ్చినప్పుడు కర్రిగానిని స్తంభమునకు త్రాటితో కట్టి, వాడు కూర్చున్న పిదపనే దగ్గరకు పోనిచ్చుచుంటిమి. చేయి విరిగిన మా యమ్మను వీపు త్రిప్పి నిలువుమనుట ధర్మము కాదు. ఆమె తిరుగు వేళల యందు గడపకు అడ్డుగా పలక పెట్టితిమి. పసిపిల్లలున్న యిండ్లలోను ఇట్లే చేయవలెను. మూడేండ్ల బిడ్డనును కుక్కపిల్లను ఒంటరిగా వదలి, ఎవరిది తప్పని పిదప విచారించుట వ్యర్థము.

కుక్కకాటుకు చెప్పుదెబ్బ యని మనకొక సామెత కలదు. చదువు చెప్పుటకు మాత్రము ఆ దెబ్బ పనికిరాదు. తాను చేసిన దేది, దెబ్బ దేనికి అని పిల్లకు తెలియదు. మనిషి చేయి పైకి లేచిన ప్రమాదమని మాత్రము తెలియును. గుర్రుమనినందుకు కొట్టినచో గుర్రుమనుట మాని, హెచ్చరిక లేకయే కరచు కుక్క తయారగును. మన పల్లెలలో కాపలాకుక్క కోపిష్టి కావలెనని చీకటి కొట్టములో కట్టుటయు, మిరపకాయలు తినిపించుటయు, కట్టెతో పొడిచి రేపుటయు విన్నాను. మందకుక్కను చూడుడు. తోడేలు వాసనకు లేచి నిలుచును. యజమాని మనుమరాలు తోక పట్టి లాగిన పడియుండును. ఎవరిని చూచి మొరుగవలెనో తెలిసినదే కాపలాకుక్క. అందరిని కరచునది కాపలా కాయుట లేదు, భయపడుచున్నది.

చివర చెప్పుచున్నాను గాని మొదట చేయవలసినది ఇది. ఆ ముసలాయన నన్నడిగిన ప్రశ్నలలో ఒకటి దాచితిని: "సూది ఏయించినారా సార్?" వేయింపలేదు. మార్గశిరములో మా అమ్మాయి చేతిపై వాని పండ్లు గీచుకొని నెత్తురు చిమ్మినది; పసుపు అద్ది మరచితిమి. చిన్న పిల్లకు పిచ్చి యెక్కడిదని అనుకొంటిమి. రేబిస్ వ్యాధి కుక్కపిల్లలకును వచ్చును. మనుష్యునికి లక్షణములు కనబడిన పిదప దాదాపు మరణమే. ప్రపంచమున ఈ వ్యాధిచే చనిపోవువారిలో మూడవవంతుకు మించి మన దేశమువారే యని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అప్పటికి నెలలు గడచి కుక్క ఆరోగ్యముగా నున్నందున ప్రమాదము తప్పినదని వైద్యుడు చెప్పినాడు. అందు మా తెలివి యేమియు లేదు.

పంటి గాటు గాని, నెత్తురు వచ్చిన గీత గాని పడినచో ధారగా పారు నీటితో సబ్బు పెట్టి పదునైదు నిమిషములు కడుగవలెను. సున్నము, కారము, పసరు పూయరాదు. ఆలస్యము చేయక ఆస్పత్రికి పోవలెను. పెద్దవారు బొడ్డు చుట్టు పదునాలుగు సూదులని యింకను జంకుదురు. మా యమ్మయు జంకినది. అది 1911లో కసౌలిలో సెంపుల్ అను వైద్యుడు గొర్రె మెదడునుండి తయారు చేసిన పాత మందు. మన దేశమున దానిని 2004లో మానివేసిరి. ఇప్పటి టీకా భుజమునకు వేయుదురు, నాలుగైదు మారులే. గాయము లోతైనచో దానితో పాటు గాయముచుట్టును వేరొక మందు ఎక్కింతురు. కుక్కపిల్లకు మూడు నెలలకు టీకా వేయించి, పిదప పశువైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించుచుండవలెను.

కర్రిగానికి ఇప్పుడు రెండేండ్లు. ఊరినుండి మాంసము మూట తెచ్చు చుట్టము వచ్చినప్పుడు ముందరికాళ్లు కొంచెము లేచును. మరల తానే దించుకొనును. మా యమ్మ చేయి అతికినది గాని చలికాలమున నొప్పి పెట్టును. సాయంకాలము అరుగుపై కూర్చుండి సంగటి ముద్ద చేతబట్టుకొని, "కూచోరా" యనును. వాడు కూర్చుండును. ఎదురింటివారు చూచి ఆశ్చర్యపడినచో, "వీనికేం తెలుసు, మావానికి? నేనే నేర్పిచ్చినా" అని నావైపు చూపుచు చెప్పును.